బత్తాయి రాశి పోసిన చోట

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ అంటే బయటివాళ్లకు కోచింగ్ సెంటర్లు, బట్టల షాపులు, సాయిబాబా గుడి గుర్తొస్తాయి. దాని పక్కనే కొత్తపేటలో పెరిగిన నాకు మాత్రం తెల్లవారుజామున వీధిలోకి వచ్చే బత్తాయి వాసన గుర్తొస్తుంది. మా కొత్తపేటలో ఇప్పుడు టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చిన నేల మీదే గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ ఉండేది. 1980ల్లో మొజంజాహీ మార్కెట్ నుంచి పళ్ల వ్యాపారం ఇక్కడికి తరలింది. ఎల్బీనగర్ చౌరస్తాలో కలిసే విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు నల్లగొండ బత్తాయిని నేరుగా మార్కెట్ గేటుకు తెచ్చేవి.

మా వీధి చివర ఒక హమాలీ కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దను మామ అని పిలిచేవాణ్ని. ఒకసారి ఎండాకాలం సెలవుల్లో ఆయన వెంట మార్కెట్‌కు వెళ్లాను. లారీ వెనక తలుపు దించగానే కాయను తట్టలకెత్తి, తలగుడ్డ చుట్ట మీద మోసుకొచ్చి రాశి పోశారు. రాశి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని దెబ్బ తగిలిన కాయ ఒకవైపు, పచ్చిది ఒకవైపు ఏరారు. ఆ తర్వాత వేలం పాట జరిగింది. పాట ముగిశాక సంచులు నింపేవాళ్లు, మూతి కుట్టేవాళ్లు, కాటా పెట్టేవాళ్లు, ట్రాలీ ఎక్కించేవాళ్లు వరసగా పనిలోకి దిగారు. ఒక్క కాయ ఎన్ని చేతులు మారుతుందో లెక్కపెట్టబోతే నా వేళ్లు చాలలేదు.

ఆ తర్వాత విదేశీ పండుకు దారులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2001 ఏప్రిల్ 1న దిగుమతుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలను కేంద్రం ఎత్తేసింది. 2004 సెప్టెంబర్‌లో థాయ్‌లాండ్‌తో, 2010 జనవరిలో ఆసియాన్ దేశాలతో వాణిజ్య ఒప్పందాలు అమల్లోకి వచ్చాయి. 2022 డిసెంబర్ 29 నుంచి అమలైన ఆస్ట్రేలియా ఒప్పందంలో ఏటా 13,700 టన్నుల వరకు నారింజ జాతి పళ్లకు సుంకం సగానికి తగ్గింది. మా బత్తాయి కూడా ఆ జాతిదే.

దిగుమతి పండు అట్టపెట్టెలో వస్తుంది. ఏరడం, తుడవడం, సైజులు కట్టడం, స్టిక్కర్ అంటించడం అన్నీ పండిన దేశంలోనే అయిపోతాయి. ఇక్కడ మిగిలేది పెట్టె దించడం ఒక్కటే. రాశి దగ్గర కూర్చున్న ఆడవాళ్లకు ఆ పండులో పని లేదు. దిల్‌సుఖ్‌నగర్ తోపుడుబండ్ల మీద దిగుమతైన ఆపిల్, కివీ అమ్ముకుని బతికేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంపాదనా కష్టార్జితమే. అందుకే విదేశీ పండు వద్దని నేననను. ఎవరి పని పోతోంది, వాళ్లకు బదులుగా ఏం చూపిస్తున్నారు అని ఒప్పందం మీద సంతకానికి ముందే అడగాలంటాను.

అలా అడిగినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. 2017 జూలైలో 16 దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ చర్చల 19వ విడత హైదరాబాద్‌లోనే జరిగింది. న్యూజిలాండ్ పాలపొడి వస్తే పాడి రైతు గతేమిటని అప్పుడు రైతు, కార్మిక సంఘాలు నగరంలోనే సదస్సు పెట్టి నిలదీశాయి. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో భారత్ ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది.

గడ్డిఅన్నారం మార్కెట్‌ను మూయించింది మాత్రం ఏ ఒప్పందమూ కాదు. ఆసుపత్రి కోసం 2021లో మూసి, 2022లో షెడ్లు కూల్చి, వ్యాపారాన్ని నగర శివార్లలోని బాటసింగారానికి పంపారు. ఆసుపత్రి కావలసిందే. కానీ మామ కొడుక్కి నడిచి వెళ్లే పని బస్సెక్కి వెళ్లే పనైంది, కూలిలో కొంత దారి ఖర్చులకే పోతోంది. సుంకం తగ్గించినప్పుడూ, గేటు మూసినప్పుడూ తట్ట మోసేవాణ్ని ఎవరూ పిలిచి అడగలేదు.

మార్కెట్ వచ్చిన ఏడు, పోయిన ఏడు రికార్డుల్లో ఉంటాయి. ఆ రెండింటి మధ్య కాలమంతా మోసిన తలలు, ఏరిన చేతులు ఏ రికార్డుకూ ఎక్కలేదు. మా ఊరి చరిత్రలో వాళ్ల పేరున ఒక పేజీ ఉండాలనే ఇది రాశాను.