రంగుల కొట్టులో మరుగునపడిన మందు

1908లో వియన్నాలో పౌల్ గెల్మో అనే విద్యార్థి తన పరిశోధనలో భాగంగా ఒక తెల్లని పొడిని తయారుచేశాడు. ఆరు కర్బన పరమాణువుల బెంజీన్ వలయానికి ఒక కొసన అమైనో సమూహం, సరిగ్గా ఎదుటి కొసన సల్ఫోనమైడ్ సమూహం ఉన్న ఆ పదార్థమే సల్ఫనిలమైడ్. రంగుల తయారీకి ముడిసరుకుగా తప్ప దానికి మరో ఉపయోగం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

తోచకపోవడానికి కారణం ఉంది. జర్మన్ రసాయన పరిశ్రమ తారు నుంచి తీసిన బెంజీన్, అనిలీన్‌ల మీద ఎదిగింది. రంగు నూలుపోగును పట్టుకున్నట్టే సూక్ష్మజీవినీ పట్టుకుని చంపుతుందన్న ఆశ పౌల్ ఎర్లిక్ కాలం నుంచీ ఉండేది. ఆ ఆశతోనే బేయర్ ప్రయోగశాలలో క్లారర్, మీట్ష్ వందలాది రంగులు తయారుచేయగా, గెర్‌హార్డ్ డోమాక్ వాటిని ఎలుకల మీద పరీక్షించాడు. 1932 చివరలో ప్రోంటోసిల్ అనే ఎర్రరంగు స్ట్రెప్టోకాకస్ సోకిన ఎలుకలను బతికించింది. ఫలితాలు 1935 ఫిబ్రవరిలో వెలువడ్డాయి.

అయితే పరీక్షనాళికలో అదే రంగు ఒక్క సూక్ష్మజీవినీ చంపలేదు. ఆ చిక్కుముడి విప్పినవారు పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన ట్రెఫుయెల్ దంపతులు, నిట్టి, బోవే. ప్రోంటోసిల్ శరీరంలో విడిపోతుందనీ, పనిచేసే ముక్క గెల్మో చేసిన తెల్లపొడేననీ 1935లోనే వారు చూపించారు. ఎరుపుకు ఈ వైద్యంతో ఏ సంబంధమూ లేదు! మందు చేతిలో ఉండి కూడా గడిచిపోయిన ఆ 27 ఏళ్ళలో ఒక ప్రపంచయుద్ధపు గాయాలు కుళ్ళాయి, ఎందరో బాలింతలు సూతికాజ్వరంతో మరణించారు. రంగు మీది మోజు కళ్ళకు కట్టిన గంతలకు చెల్లించిన మూల్యం ఇది.

మందు పనిచేసే తీరు 1940లో ఇంగ్లండులో డోనాల్డ్ వుడ్స్ పరిశోధనతో బయటపడింది. సూక్ష్మజీవికి కావలసిన పారా-అమైనోబెంజోయిక్ ఆమ్లం కూడా అదే వలయం, అదే అమైనో సమూహం. తేడా అంతా ఎదుటి కొసనే. సూక్ష్మజీవి పోలిక చూసి మోసపోతుంది. ఆ ఆమ్లం దానికి ఎందుకన్న ప్రశ్నకు సమాధానం 1945-46లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో దొరికింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, దాని నిర్మాణాన్ని తేల్చింది. అందులో నడిమి ముక్క ఈ బెంజీన్ ఆమ్లమే. మనిషికి ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లో దొరుకుతుంది. సూక్ష్మజీవి సొంతంగా వండుకోవాలి. మందు పాడుచేసేది ఆ వంటనే.

గెల్మో పొడి లాగే 1908లోనే జర్మనీలో తయారై, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని మరో పదార్థం డాప్సోన్. రెండు బెంజీన్ వలయాలున్న ఆ మందు కూడా ఫోలిక్ ఆమ్లపు తయారీకే అడ్డుపడుతుంది. కుష్ఠువ్యాధి చికిత్సలో దానిని నేటికీ వాడుతున్నారు.