ఓడ పట్టీ నుండి డిస్కు దాకా

1860 నవంబరు 16న ట్రూరో ఓడలో మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరిన మనవారి పేర్లు ఓడ పట్టీలలో ఉన్నాయి. వారి గొంతులు మాత్రం మనకు మిగలలేదు. ఇంటింటా మాటను, బొమ్మను కలిపి దాచుకునే సాధనం చాలా ఆలస్యంగా అందింది.

దక్షిణాఫ్రికాలో టెలివిజను 1976 జనవరి 5న మొదలయింది. అదే ఏడు జపానులో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ టేపును విడుదల చేసింది. క్రమంగా మన పెళ్ళిళ్ళు, పండుగలు, అవ్వల మాటలు టేపులకెక్కాయి. అయితే ఇక్కడిది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. మన టేపు అక్కడి బంధువుల మామూలు యంత్రంలో సరిగా ఆడేది కాదు.

1996లో జపానులో డీవీడీ వచ్చింది. తరువాతి ఏళ్ళలో ఆ టేపులను కంప్యూటరులోకి ఎక్కించి, కత్తిరించి కూర్చి, ఎంపెగ్-2 రూపంలో 4.7 గిగాబైట్ల డీవీడీ-ఆర్ డిస్కులపై రాసుకోగలిగాము. పాల్ డిస్కు అమెరికాలో తరచు మొరాయించేది. ఎన్‌టీఎస్‌సీలోకి మార్చి రాస్తే ఇక్కడా అక్కడా చాలా యంత్రాలలో ఆడేది. చివరి మెట్టు 'ఫైనలైజ్'. అది మరచిన డిస్కును వేరే యంత్రాలు చాలావరకు గుర్తించవు.

డిస్కు కూడా శాశ్వతం కాదు. అందులోని రంగు పొర ఎండకు, వేడికి చెడుతుంది. పెద్దల మాటలున్న డిస్కు మీ ఇంట ఉంటే నేడే కంప్యూటరులోకి మరొక నకలు తీయండి. ఓడలో వచ్చినవారి గొంతు మనకు దక్కలేదు. వారి మనుమల గొంతయినా మన మనుమలకు దక్కాలి.