కీబోర్డు ఉంది కదా, కంప్యూటరే!

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులైలో ఒక టీవీ గేమ్ పెట్టెను అమ్మకానికి పెట్టింది. దాన్ని తయారుచేసిన ఇంజినీరు మసాయుకి ఉయెమురా దానికి ముందు గేమ్‌కామ్ అని పేరు అనుకున్నాడట. ఆయన భార్య వేరే మాట చెప్పింది. పర్సనల్ కంప్యూటర్‌ను జపాన్‌లో పొట్టిగా పాసోకాన్ అంటారు కదా, ఇది ఒక మనిషి వాడుకునేది కాదు, ఇంటిల్లిపాదీ వాడేది, కాబట్టి ఫ్యామిలీ కంప్యూటర్, పొట్టిగా ఫ్యామికాన్ అనొచ్చు కదా అంది. ఆ పేరే నిలిచింది. తమాషా ఏమిటంటే ఫ్యామికాన్ అన్న పొట్టిపేరును అప్పటికే షార్ప్ కంపెనీ తన వంటింటి ఓవెన్ కోసం రిజిస్టర్ చేసుకుని ఉంది. అందుకని నింటెండో పెట్టె మీద పూర్తి పేరే వేసుకుంది.

ఈ పేరులో నాకు నచ్చే విడ్డూరం ఒకటుంది. పేరులో కంప్యూటర్ ఉంది కానీ పెట్టెకు కీబోర్డు లేదు. మొదట్లో కీబోర్డు పెడదామన్న ఆలోచన ఉన్నా, చూడగానే జనం భయపడతారని, ధర కూడా పెరుగుతుందని కంపెనీ అధిపతి హిరోషి యమౌచి వద్దన్నాడు. మన ఇళ్లలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. కీబోర్డు ఉంటేనే అమ్మానాన్న భయపడకుండా కొన్నారు. "ఇది ఆట కాదమ్మా, కంప్యూటర్" అన్న మాట 1990లలో ఎన్ని ఇళ్లలో వినిపించిందో! ఆ మాట మన పిల్లల సొంతం కాదు. పెద్ద కంపెనీలు తల్లిదండ్రులకీ, చివరికి ప్రభుత్వాలకీ చెప్పిన మాటే అది.

మొదట అమెరికాలో చెప్పారు. 1970ల చివర అక్కడ గేమ్ పెట్టెలు ఇంటింటికీ వస్తున్నాయి, పక్కనే ఇంటి కంప్యూటర్లూ దిగుతున్నాయి. డబ్బు పెట్టే తండ్రికి ఆట దండగ, కంప్యూటర్ పిల్లాడి భవిష్యత్తు. 1978లో మాగ్నవాక్స్ కంపెనీ ఒడిస్సీ 2 అని ఒక పెట్టెకు ముందువైపే కీబోర్డు అమర్చి తెచ్చింది. మీటలు పైకి లేచి ఉండవు, మన మైక్రోవేవ్ మీద ఉన్నట్టు చదునైన పొర మీద అచ్చేసిన అక్షరాలు. ఆటల్లో చాలావాటికి దానితో పెద్ద పని లేదు. కానీ కొట్లో అరమీద చూస్తే మాత్రం కంప్యూటర్‌లానే ఉండేది.

బార్బీ బొమ్మలు చేసే మాటెల్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. వాళ్ల ఇంటెలివిజన్ పెట్టె కొనేవాళ్లకు, ముందు ముందు దీనికి కీబోర్డు భాగం వస్తుంది, ఈ పెట్టెను అందులో దోపితే ఇంటి లెక్కలు, పిల్లల చదువు అన్నీ చేసే కంప్యూటర్ అవుతుంది అని ప్రచారం చేసింది. జనం ఆ ఆశతో పెట్టె కొన్నారు. కీబోర్డు మాత్రం ఇదిగో అదిగో అంటూ సాగింది. తయారీకి ఖర్చు ఎక్కువ, రిపేర్లు ఎక్కువ. చివరికి కొన్ని ఊళ్లలో కొన్నివేలు మాత్రమే అమ్మారు. ఫిర్యాదులు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్లాయి. మాట నిలబెట్టుకునేదాకా రోజుకు 10,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. 1983లో ఇంకో చవక కీబోర్డు తెచ్చి ఆ గొడవ వదిలించుకున్నారు. వస్తువు నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు, ఇంకా పుట్టని వస్తువు మీద ఆశ అమ్మితే ఎవరికి తిరిగిస్తాం? ఆ జరిమానా పడ్డందుకు నాకు మాత్రం సంతోషమే.

అదే 1983లో కొలెకో కంపెనీ ఆడమ్ అని తెచ్చింది. విడి కంప్యూటర్‌గానూ కొనొచ్చు, ఇంట్లో ఉన్న వాళ్ల గేమ్ పెట్టెకు తగిలించుకునే సెట్టుగానూ కొనొచ్చు. కీబోర్డు, టేపు, ప్రింటరు అన్నీ కలిపి ఇచ్చారు. అయితే కరెంటు సరఫరా భాగాన్ని తీసుకెళ్లి ప్రింటరులో పెట్టారు. ప్రింటరు పాడైతే మొత్తం కంప్యూటర్ మూలన పడ్డట్టే. మిక్సీ కాలిపోతే ఫ్రిజ్ కూడా ఆగిపోయినట్టు! పైగా స్విచ్ వేసిన క్షణంలో వచ్చే విద్యుదయస్కాంత తరంగానికి లోపల ఉంచిన టేపు మీది రాతలు చెరిగిపోయేవి. అమ్మకాలు పడిపోతుంటే, ఆడమ్ కొన్న ఇంట్లో పిల్లాడు కాలేజీకి వెళ్లేటప్పుడు 500 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తామని కూడా ప్రకటించారు. చదువు ఆశను ఇంత నేరుగా వాడుకున్న ప్రకటన ఇంకోటి నాకు తెలీదు. 1985 మొదట్లో ఆడమ్‌ను ఆపేశారు.

కీబోర్డు వద్దన్న నింటెండో కూడా 1984 జూన్‌లో దాన్ని విడిగా తెచ్చింది. పేరు ఫ్యామిలీ బేసిక్, ధర 14,800 యెన్‌లు. పెట్టె ధర కూడా సరిగ్గా అంతే! పెట్టె ముందువైపు ఒక చిన్న రంధ్రం ఉండేది, కీబోర్డు తీగ అందులోకి. పైన బేసిక్ భాష ఉన్న కార్ట్రిడ్జి. రాసింది దాచుకోవాలంటే మామూలు పాటల టేప్‌రికార్డరును కీబోర్డుకు తగిలించాలి. ప్రోగ్రాము కీచుమనే శబ్దంగా మారి క్యాసెట్‌లోకి ఎక్కుతుంది. రాసుకోవడానికి ఉన్న చోటు 2 కిలోబైట్లలోపే, ఈ వ్యాసంలో రెండు పేరాలు కూడా పట్టవు. అయినా మారియో బొమ్మ అందులో సిద్ధంగా ఉండేది, నాలుగు వరుసలు రాసి అతన్ని నడిపించొచ్చు.

ఈ చరిత్రలో కీబోర్డు చెప్పిన మాట నిలబెట్టుకున్న చోటు ఇదే అనిపిస్తుంది. పోకెమాన్ సృష్టించిన సతోషి తజిరి ఆ గేమ్ యంత్రం లోపల ఎలా పనిచేస్తుందో ఫ్యామిలీ బేసిక్ పట్టుకునే తెలుసుకున్నాడు. తర్వాత 1989లో క్వింటీ అనే ఆట చేశాడు, 1996లో పోకెమాన్ వచ్చింది. అయితే 1984 నాటికి అతనికి పద్దెనిమిదేళ్లు దాటాయి. ఆటల మీద సొంతంగా ఒక పత్రిక కూడా నడుపుతున్నాడు. అమ్మానాన్న కొనిచ్చి కూర్చోబెడితే నేర్చుకున్న పిల్లాడు కాదు.

అమెరికాకు వెళ్లేటప్పుడు నింటెండో మళ్లీ తలకిందులైంది. 1983లో అక్కడ గేమ్ వ్యాపారం కుప్పకూలింది, కొట్లవాళ్లు గేమ్ అంటేనే తలుపు వేసేస్తున్నారు. 1985 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో కీబోర్డు, టేపు ఉన్న నమూనా చూపిస్తే ఎవరూ మొగ్గు చూపలేదు. కీబోర్డు మంత్రం అక్కడ అరిగిపోయింది. ఆ అక్టోబరులో పెట్టెను వీసీఆర్‌లా మార్చి, పక్కన ఒక బొమ్మ రోబో పెట్టి న్యూయార్క్‌లో అమ్మకం మొదలుపెట్టారు. ఈసారి బొమ్మల వేషం అన్నమాట.

అమెరికాలో అరిగిన మంత్రం చైనాలో కొత్తగా మెరిసింది. ఇంటికి ఒక్క బిడ్డే ఉన్న కాలం, ఆశలన్నీ ఆ బిడ్డ మీదే. షియావో బావాంగ్ అనే కంపెనీ, అంటే చిన్న నియంత అని అర్థం, నింటెండో పెట్టెకు నకలు చేసి, దాన్ని కీబోర్డు లోపలే ఇమిడ్చి 1993లో 'చదువు యంత్రం' అని అమ్మింది. చైనా అక్షరాలు టైపు చేయొచ్చు, బేసిక్ రాయొచ్చు, కార్ట్రిడ్జి మారిస్తే మారియో ఆడొచ్చు. జాకీ చాన్ టీవీలో ప్రకటన చేశాడు. ఆ కంపెనీని నడిపిన దువాన్ యోంగ్‌పింగ్ 1995లో బయటికొచ్చి బీబీకే పెట్టాడు. దాన్నుంచి వచ్చినవే ఒప్పో, వివో. అంటే ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్ల వంశవృక్షంలో ఆ చదువు యంత్రం ఒక ముత్తాత.

అలాంటి నకళ్లే మన బజార్లలోకీ వచ్చాయి. మా నెల్లూరు ఇంటికి ఒకటి మామయ్య మద్రాసు బర్మా బజారు నుంచి తెచ్చాడు, తమ్ముడి కోసం. అమ్మ ఒప్పుకున్న కారణం కంప్యూటర్ కూడా కాదు. అప్పట్లో ప్రతి వీధి చివరా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయరు, హయ్యరు పాసైతే ఆఫీసు ఉద్యోగానికి పనికొస్తుందని పదో తరగతి సెలవుల్లో పిల్లల్ని పంపేవాళ్లు. కీబోర్డు చూడగానే అమ్మకు ఆ ఫీజు గుర్తొచ్చింది. జపాన్ వాళ్లకు భయం, అమెరికా వాళ్లకు స్కాలర్‌షిప్, మనకు టైపు హయ్యరు. ఒకే వస్తువు, ఎవరి బతుకులో ఏది లోటో అదే అందులో కనిపించింది.

దాంట్లో అక్షరాలు పైనుంచి రాలే టైపింగ్ ఆట ఉండేది. నిజంగా మంచి ఆట, నా వేళ్లు మీటలకు అలవాటు పడింది దాంతోనే. తమ్ముడికి కాంట్రా. బేసిక్ కూడా ఉండేది కానీ మా సెట్టులో దాచుకునే దారి లేదు, కరెంటు పోతే రాసిందంతా గోవిందా. నెల్లూరు ఎండాకాలంలో ఎన్నిసార్లు పోయేదో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో అచ్చయిన చిన్న పుస్తకాన్ని చదివి చెప్పేవాళ్లూ లేరు. తజిరి ఉదాహరణ చెప్పి పిల్లల్ని నిందించేవాళ్లను చూస్తే నాకు ఆ కరెంటు కోతలే గుర్తొస్తాయి. యంత్రం వచ్చినంత సులువుగా క్యాసెట్టూ, పక్కన కూర్చునే మనిషీ ఇంట్లోకి రాలేదు.

ఇక ప్రభుత్వాల దగ్గర చదివిన మంత్రం. 2000లో సోనీ ప్లేస్టేషన్ 2ను యూరప్‌లో అమ్మకానికి తెచ్చినప్పుడు దాంతో ఇచ్చిన డిస్కులో యాబేసిక్ అని ఒక చిన్న బేసిక్ భాష ఉంది. అక్కడ దిగుమతి సుంకం లెక్కల్లో గేమ్ యంత్రం వేరు, కంప్యూటర్ వేరు. కంప్యూటర్ అనిపించుకుంటే సుంకం తప్పుతుంది. పెట్టెకు యూఎస్‌బీ రంధ్రాలున్నాయి, కీబోర్డు తగిలించొచ్చు, ప్రోగ్రాము రాయొచ్చు, కాబట్టి ఇది కంప్యూటరే అన్నది వాదన. ఆ వివాదం కోర్టుల దాకా నడిచింది. అంత పెద్ద కంపెనీ కస్టమ్స్ అధికారుల ముందు నిలబడి, మా తమ్ముడు అమ్మ ముందు చెప్పిందే చెప్పడం నాకు ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. న్యాయంగా చెప్పాలంటే, 2002లో వాళ్లు కీబోర్డు, మౌసు, హార్డ్ డిస్కుతో లినక్స్ కిట్ కూడా అమ్మారు. అది నిజమైన కంప్యూటరే.

ఇప్పుడు కీబోర్డు తగిలించడం పెద్ద విషయం కాదు. ప్లేస్టేషన్‌కైనా ఎక్స్‌బాక్స్‌కైనా మామూలు యూఎస్‌బీ కీబోర్డు పెడితే పాస్‌వర్డులు, కబుర్లు టైపు చేయడానికి పనిచేస్తుంది. ఆటలో పనిచేయడం మాత్రం ఆ ఆట చేసినవాళ్లు ఒప్పుకుంటేనే. ఎక్స్‌బాక్స్ 2018 నవంబరులో ఆ వీలు కల్పించింది. ఫోర్ట్‌నైట్ లాంటివి ఒప్పుకుంటాయి, చాలా ఆటలు ఒప్పుకోవు. కీబోర్డు, మౌసుతో గురి బాగా కుదురుతుంది కాబట్టి, ఫోర్ట్‌నైట్‌లో అలా ఆడేవాళ్లను కంప్యూటర్ మీద ఆడేవాళ్లతో కలిపి పోటీకి పెడతారు. ఈ తరం పిల్లలు కీబోర్డు కావాలన్నప్పుడు చదువు పేరెత్తరు, గెలవడానికే అని సూటిగా చెప్తారు. ఏ ఆట కోసమో కనుక్కుని, ఆ ఆట కీబోర్డును ఒప్పుకుంటుందో లేదో చూసి కొనండి. కొట్లో వాళ్లు మాత్రం అన్నిటికీ పనిచేస్తుందండీ అనే అంటారు.