తాటిచెట్ల దారిలో సైకిళ్ళు: మనలి నుంచి పులికాట్ దాకా

మొన్నటి ఆదివారం సైకిల్ యాత్ర ఫోటోలు గ్రూపులో అందరూ చూసే ఉంటారు. ఫోటోల్లో పడనిది చెప్పడానికే ఈ పోస్టు. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

కాలిఫోర్నియాలో ఉన్న మన పిల్లలు నాపా, సొనోమా ద్రాక్షతోటల మధ్య సైకిళ్ళు తొక్కి మంచి పనులకి చందాలు పోగుచేస్తుంటారు. ఆ ఫోటోలు చూసి మాకూ సరదా పుట్టింది. మనలిలో ద్రాక్షతోటలు ఎక్కడివి? 1969 నుంచి నడుస్తున్న రిఫైనరీ, దాని చుట్టూ ఫ్యాక్టరీలు, ట్యాంకర్ లారీలు. మీంజూరు దాటి పొన్నేరి వైపు వెళ్తే మాత్రం తాటిచెట్లు ఉన్నాయి. "అదే మన వైన్ కంట్రీ" అని ఎవరో అన్నారు. నవ్వుకుని గ్రూపులో "కల్లు రైడ్" అని పేరు కూడా పెట్టేశాం.

పది నిమిషాల్లో మన నెల్లూరు పిన్ని నుంచి వాయిస్ మెసేజ్. "ఆ పేరు పెడితే నా దగ్గర్నించి పైసా రాదు నాయనా. సారా కొంపలెట్టా కూల్చిందో మీరు చూళ్ళేదు, మేం చూశాం." పిన్ని వాళ్ళది కలిగిరి వైపు. పేరు వెంటనే తీసేశాం. ఆ మాట మాత్రం దారంతా మాతోనే వచ్చింది.

పొద్దున అయిదున్నరకి బయల్దేరాం. పోగైన డబ్బుతో మన చుట్టుపక్కల తొమ్మిది, పది తరగతులు చదివే ఆడపిల్లలకి సైకిళ్ళు కొనాలని సంకల్పం. ప్లస్ వన్‌కి వస్తే సర్కారే సైకిలిస్తుంది, ఆ పథకం 2001లో మొదలై తర్వాత పెద్దదైంది. కానీ దూరం అని బడి మాన్పించేది అంతకు ముందే కదా. పందెం లేదు, తొందర లేదు. ముందు వెళ్ళినవాళ్ళు ఆగి వెనకవాళ్ళ కోసం చూడాలి, అదొక్కటే నియమం. కొసస్తలైయారు వంతెన మీద మొదటి విశ్రాంతి, మొదటి పంక్చరు రెండూ జరిగాయి.

పొన్నేరి దగ్గర రోడ్డు పక్కన ఒక పెద్దాయన తాటాకు దొన్నెల్లో పదనీరు పోశాడు. మనం నీరా అంటాం. చెట్టు ఒకటే, కారే రసం ఒకటే. లొట్టి లోపల సున్నం రాసి కడితే పులవదు, తియ్యగా పదనీరు అవుతుంది. సున్నం రాయకపోతే కొద్ది గంటల్లోనే పులిసి కల్లు. అంత పలచటి గీత అది. ఆయన నలభై ఏళ్ళుగా చెట్టెక్కుతున్నాడట. కొడుకులెవరూ ఎక్కరట.

ఆ గీత మీద ప్రభుత్వాలే ఎక్కాయి, దిగాయి. 1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చింది. ఖజానాకి పడిన గండి పూడ్చుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1939లో సాధారణ అమ్మకపు పన్ను తెచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదలు. ఇవాళ బిల్లు మీద జీఎస్టీ చూసి విసుక్కునేవాళ్ళు దాని తాత ఎక్కడ పుట్టాడో గుర్తుపెట్టుకోండి! 1948కి నిషేధం రాష్ట్రమంతా పాకింది. మన ప్రకాశం పంతులుగారు కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రాన్ని ఏలుతున్నప్పుడు, 1954 నవంబరులో ఈ మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయారు. బ్రిటిష్ తుపాకికి ఎదురు నిలిచినాయన కథ అది. గీతకార్మికుల కడుపు మంట కూడా అందులో ఉంది, అది కాదనలేం. తమిళనాట 1987 నుంచి కల్లుకి నిషేధం ఉంది. సీసాల మద్యాన్ని మాత్రం 2003 నుంచి సర్కారు దుకాణాలే అమ్ముతున్నాయి. పదనీరు పోసిన పెద్దాయన దీని గురించి ఒక్క మాట అన్నాడు. అది ఇక్కడ రాయలేం లెండి.

పిన్ని మాటకొస్తాం. ఆమె కోపం కల్లు మీద కాదు, సారా మీద. ఆ రోజుల్లో ఆంధ్రలో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చేది. వారుణ వాహిని అనేవారు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే అయిపోయేది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడిలో చదువుకున్న పాఠాల్లో ఒకటి సీతమ్మ కథ, సారా వల్ల చెడిన కాపురం గురించి. అది చదివిన ఆడవాళ్ళకి అది ఎవరి కథో తెలియంది కాదు. దూబగుంటలో రోశమ్మగారు, తోటి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది, సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయిందనుకోండి. కానీ ఆ ఆడవాళ్ళు మొదట పట్టుకున్నది పలకా బలపమే.

ఇక్కడే మాకు ఒళ్ళు జలదరించింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే, తమిళనాట పుదుక్కోట్టైలో, అదే అక్షరాస్యత ఉద్యమం (అక్కడ అరివొళి ఇయక్కం) ఆడవాళ్ళ చేతికి సైకిలిచ్చింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చదువుతోపాటు సైకిలూ నేర్పాలన్నారు. 1992 మహిళా దినోత్సవాన పదిహేను వందలమందికి పైగా స్త్రీలు సైకిళ్ళ మీద పుదుక్కోట్టై వీధుల్లోకి వచ్చారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ ఈ సంగతి వివరంగా రాశారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క జెంట్స్ సైకిళ్ళే తొక్కారట. కొందరు అవే నయమన్నారు, ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు కదా! ఒకే బడి, ఒక జిల్లాలో సారా కొట్టు మూయించింది, ఇంకో జిల్లాలో సైకిలెక్కించింది. ఈ రెండు ఉద్యమాలనీ పక్కపక్కన పెట్టి మాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

పదకొండు దాటాక పులికాట్ చేరాం. మనవాళ్ళు ప్రళయకావేరి అనే సరస్సు, ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. 1613లో డచ్చివాళ్ళు కట్టిన గెల్డ్రియా కోట ఇప్పుడు మట్టిదిబ్బలూ ముళ్ళపొదలూ. వాళ్ళ సమాధులు మాత్రం చెక్కుచెదరలేదు. రేవు దగ్గర జాలర్లు మాతో తమిళం మొదలుపెట్టి, మా మాటలు విని తెలుగులోకి దిగారు. చేపల కూర, అన్నం తిన్నాక తిరిగి తొక్కే ఓపిక ఎవరికీ లేదు. సైకిళ్ళు మినీ లారీలో, మేము బస్సులో.

రాత్రి లెక్క చూస్తే ఏడు సైకిళ్ళకి సరిపడా వచ్చింది. పుదుక్కోట్టై సంగతి పిన్నికి ఫోన్లో చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎనిమిదో సైకిలు తనదే అంది, కడ్డీ ఉన్నదే కొనమంది. "పదో క్లాసు పిల్లకి కడ్డీ మీద కూర్చోబెట్టే బిడ్డలెక్కడ పిన్నీ" అంటే, "చెల్లెలుంటది కదరా" అంది.

వచ్చే శనివారం సాయంత్రం కొట్టుకి వెళ్తున్నాం. మీ వీధిలో బడి దూరమైన అమ్మాయిలెవరైనా ఉంటే ఈలోపు కార్యదర్శిగారికి చెప్పండి. పిల్లల ఎత్తు కూడా రాసి పంపితే సీటు సరిచేయించి తెస్తాం.