దేహము వెలుపలి ప్రాణము

గూడూరునకు తూర్పున, సముద్రపు గాలి సోకు కోట ప్రాంతపు పల్లెలలో పెరిగినవారికి ఉప్పునీటి గుణదోషములను వేరొకరు చెప్పనక్కరలేదు. పైరును చంపునదియు అదియే, రొయ్యను పెంచునదియు అదియే. దేహమునుండి వేరుచేసిన అవయవమును సజీవముగా నిలుపు విద్యకు మూలమునను ఉప్పునీరే యున్నదని తెలిసినపుడు నాకు గలిగిన సంతోషము ఇంతింత యనరానిది.

గుండెకు మారుగా ధమనీరక్తమును ఎడతెగక ఎక్కించు ఉపాయము దొరకెనేని దేహమున ఏ భాగమునైనను ఎంతకాలమైనను బ్రదికింపవచ్చునని ఫ్రాన్సు దేశీయుడగు లె గల్వా 1812లోనే వ్రాసెను. అది ఊహగానే యుండిపోగా, 1866లో లైప్‌జిగ్ నగరమున కార్ల్ లుడ్విగ్ ప్రయోగశాలయందు సియోన్ అను శాస్త్రజ్ఞుడు కప్పగుండెను వెలికిదీసి, గాజుగొట్టముల నడుమ నమర్చి, ద్రవమును పారించి ఆడించెను.

ఏ ద్రవము తగినదను ప్రశ్నకు సమాధానము లండనులో యాదృచ్ఛికముగా లభించెను. స్వేదనజలమున ఉప్పు కలిపి కప్పగుండెను చక్కగా ఆడించుచున్నానని సిడ్నీ రింగర్ వైద్యుడు నమ్మియుండగా, సహాయకుడు వాడినది న్యూ రివర్ కంపెనీవారి కొళాయినీరని పిమ్మట బయటపడెను. నిజముగా స్వేదనజలముతోనే చేసి చూడగా గుండె కొంతసేపటికి సన్నగిల్లి నిలిచిపోయెను. కొళాయినీటిలోని కాల్షియమే దానిని ఆడించుచుండెనని 1883లో ఆయన ప్రకటించెను. పొరపాటును కప్పిపుచ్చక దానివెంటనే నడచిన ఆ సత్యనిష్ఠ నాకు మిక్కిలి పూజ్యము. ఆసుపత్రులలో రోగులకు ఎక్కించు రింగర్ లాక్టేట్ సీసాపై నేటికిని ఆయన పేరే యున్నది.

1895లో జర్మనీయుడగు ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్, బృహద్ధమనిలో గొట్టము దూర్చి రక్తమును వెనుకకు పంపెను. అందువలన కవాటము మూసికొని, రక్తము గుండెను పోషించు నాళములలోనికే మరలి, క్షీరదపు గుండె దేహము వెలుపల కొట్టుకొనెను. 1935లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థయందు అలెక్సిస్ కారెల్, విమానవీరుడు లిండ్‌బర్గ్ కలిసి, సూక్ష్మజీవులు చొరని గాజుయంత్రమున పిల్లి గళగ్రంథిని బ్రదికించిరి.

చరిత్ర చెప్పువారు తరచుగా ఈ యంత్రము కడనే నిలిచిపోవుదురు. అది న్యాయము కాదని నా అభిప్రాయము. లాంగెన్‌డార్ఫ్ ప్రయోగము వెలువడిన 1895లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కితో కూడి, కండరము శ్రమించునపుడు తరిగి విశ్రాంతివేళ మరల కూడుకొను ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించెను. 1929లో వారిరువురును, జర్మనీలో లోమన్ వేరుగాను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. సుబ్బారావు అవయవములను యంత్రములలో పెంచినవాడు కాడు. కాని రక్తము తెగిన అవయవమున మొదట క్షీణించునవి శక్తినిచ్చు ఈ పదార్థములే యనియు, చల్లదనము ఆ వ్యయమును మందగింపజేయుననియు గ్రహింపక, అవయవము ఏల చచ్చుచున్నదో తెలియు మార్గము లేకుండెను.

1980 దశకమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున బెల్జర్, సదర్డ్ అనువారు సిద్ధపరచిన నిల్వద్రవమున అడినోసిన్‌ను చేర్చుటకు కారణము ఆ శక్తిభాండారమును పునరుద్ధరించుటయే. మంచుచల్లదనమున మూత్రపిండము ఒకదినమునకు పైగా నిలువగలదు. గుండె మాత్రము నాలుగుగంటలు దాటినచో ప్రమాదములో పడును. అందుచేతనే ఇటీవలి యంత్రములు, లాంగెన్‌డార్ఫ్ చూపిన త్రోవనే, బృహద్ధమనినుండి వెచ్చని రక్తమును పంపి, దాత గుండెను ప్రయాణమందును ఆడించుచున్నవి.