ఈల వేసే మాస్టారు

బతకలేక బడిపంతులు అన్నారు పెద్దలు. ఆ బడిపంతుళ్ళలో కూడా చిట్టచివరి పీట డ్రిల్లు మాస్టారిది. స్టాఫ్ రూములో కుర్చీలు చాలకపోతే ముందుగా లేచేది ఆయనే. మంత్రిగారు వస్తున్నారంటే పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టేది ఆయనే. ‘మా పిల్ల సొమ్మసిల్లింది, ఎందుకు నిలబెట్టావయ్యా’ అని తల్లిదండ్రులు కేకలేస్తే పడేదీ ఆయనే. పరీక్షలు దగ్గరపడితే ఆయన పీరియడు లెక్కల మాస్టారు పట్టుకుపోతాడు. మెడలో ఈల, చేతిలో గాలి తగ్గిన బంతి. ఇంతే కదా మనకు తెలిసిన డ్రిల్లు మాస్టారు?

నాకూ అంతే తెలుసు, మొన్నమొన్నటి దాకా.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. పరుగు పందెంలో జిల్లా పోటీలకు ఎంపికయిందని కాగితం తెచ్చింది. వేరే ఊరు, రెండు రాత్రులు అక్కడే పడక. మా కోడలు ఆ కాగితం చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టేసింది. మా ఇంట్లో బియ్యం డబ్బా మీదికి వెళ్ళిన కాగితం తిరిగి రాదని అందరికీ తెలుసు.

మర్నాడు సాయంత్రం వాళ్ళ డ్రిల్లు మేడమ్ మా ఇంటికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మా కోడలు వరసగా ప్రశ్నలు వేసింది. ఎక్కడ పడుకుంటారు? వెంట ఎవరు వస్తారు? స్నానాల గదికి గడియ ఉంటుందా? నెలసరి వస్తే ఏం చేస్తారు? అన్నిటికీ ఆ అమ్మాయి దగ్గర జవాబుంది. ఒక చిన్న నోటు పుస్తకం తీసి, ఏ బస్సు ఎన్నింటికో, ఏ పిల్ల తల్లి ఫోను నంబరు ఏమిటో చూపించింది. చివరకు, “ఇంత భయం ఉన్నది కద అక్కా, మీరు కూడ మా వెంట రండి. నాకూ ఒక తోడు అయితది” అంది. కోడలు ఏమీ అనలేదు గాని, లేచి వెళ్ళి టీ పెట్టింది. మా ఇంట్లో అది సగం ఒప్పుకున్నట్టు.

గేటు దాకా సాగనంపుతూ అడిగాను. “ఇదంతా మీకు ట్రైనింగులో నేర్పుతారా అమ్మా?”

ఆ పిల్ల నవ్వింది. “ఈల వెయ్యడం నేర్పిండ్రమ్మా. ఇంటికొచ్చి తల్లులను ఒప్పించుడు ఎవ్వరు నేర్పలే. తిట్లు తిని నేర్చుకున్న.”

ఆ మాట నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. పిల్లలకు మాస్టారు నేర్పుతాడు సరే, మాస్టారికి ఎవరు నేర్పుతారు? పదిమందిని నడిపించే నేర్పు ఎక్కడినుంచి వస్తుంది? తవ్వుతూ పోతే పెద్ద కథే బయటపడింది.

తెల్లదొరల కాలంలో మన బళ్ళలో డ్రిల్లు చెప్పింది చాలా చోట్ల పింఛను పుచ్చుకున్న సిపాయిలు. వాళ్ళకు తెలిసింది కవాతు. అదే చెప్పారు. ‘అటెన్షన్’, ‘స్టాండెటీజ్’ అన్న మాటలు మన వీధుల్లోకి వచ్చింది ఆ దారినే. ఆ రోజుల్లోనూ కొందరు మహానుభావులు లేకపోలేదు. కలియుగ భీముడని పేరుపొందిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కంపెనీ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడే. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి ఒకప్పుడు బడిపిల్లల చేత బస్కీలు తీయించాడన్నమాట!

డ్రిల్లు మాస్టారికీ చదువు కావాలని గట్టిగా పట్టుబట్టినవాడు హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన. మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున 1920లో వ్యాయామ విద్యకు ఒక బడి పెట్టాడు. శరీరశాస్త్రం, ఆటల నియమాలు, పిల్లల ఆరోగ్యం ఇవన్నీ తెలిసినవాడే మైదానంలో నిలబడాలన్నది ఆయన పట్టు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన జట్టును దగ్గరుండి నడిపించింది కూడా ఈయనే. 1943లో కన్నుమూసేదాకా ఆ కాలేజీనే అంటిపెట్టుకున్నాడు. మనవైపు 1931లో నిజాం ప్రభుత్వం హైదరాబాదులో వ్యాయామ విద్యా కళాశాల పెట్టింది. ఆ రోజుల్లో మన వరంగల్లు కూడా ఆ సంస్థానంలోదే కదా.

ఆ కాలంలోనే హైదరాబాదులో ఒక బడిపంతులు ఉండేవాడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టాడు. పిల్లలకు పాఠాలు చెబుతూ చెబుతూ వ్యాయామ విద్యలోకి మళ్ళి, దానికి ప్రత్యేకంగా చదువు కూడా చదివాడు. అందరూ ‘రహీమ్ సాబ్’ అనేవారు. కుడికాలితో తప్ప ఆడలేని పిల్లలుంటారు కదా, వాళ్ళకోసం బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలని పోటీలు పెట్టాడు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుని అందరినీ తప్పించుకుంటూ పోయే షోకు ఉన్నవాళ్ళకు, ‘అలా పోకూడదు, పక్కవాడికి అందించాలి’ అనే నియమంతో ఇంకో పోటీ. ఎడమచేత్తో ముగ్గు వెయ్యమంటే మనకెలా ఉంటుందో ఊహించుకోండి! కాని నెల తిరిగేసరికి రెండు చేతులూ పనికొస్తాయి.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా ఉండి 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. అన్నీ గెలుపులే అనుకోకండి. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్తికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ తరువాత 1956లో మెల్‌బోర్న్‌లో అదే భారతదేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది.

కాని నా మనసుకు పట్టిన ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలది. అప్పటికే రహీమ్ సాబ్ కాన్సరుతో ఉన్నాడు. ఫైనల్ దక్షిణ కొరియాతో. రాజకీయాల గొడవల వల్ల స్టేడియం నిండా జనం మన జట్టుకు వ్యతిరేకంగా అరుపులు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్‌కు అంతకుముందు ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ‘పడుకో నాయనా’ అనేవారు. రహీమ్ సాబ్ అతణ్ణి సెమీఫైనల్లోనే ముందువరసలో ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఫైనల్లోనూ అంతే. అక్కడ పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టాడు, కుట్ల తలతోనే జర్నైల్ సింగ్ ఇంకొకటి కొట్టాడు. 2-1తో బంగారు పతకం మనది. ఆ తరువాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ వెళ్ళిపోయాడు. అరవై ఏళ్ళు దాటాక, 2024లో, ఆయన మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా వస్తే గాని మనలో చాలామందికి ఆ పేరు తెలియలేదు. పక్క ఊరి మనిషి, మనకే తెలియదు. ఎంత సిగ్గుచేటు!

ఈలోగా దేశంలో ఏర్పాట్లు పెరిగాయి. 1953లో అప్పటి కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరిట క్రీడా శిక్షణ పథకం వచ్చింది. అన్నట్టు, మన దేశంలో ఆటల శిక్షణకు ఒక పద్ధతి ఏర్పాటు చేసిన మొదటివాళ్ళలో ఒక స్త్రీ ఉందని మనం గుర్తుపెట్టుకోవాలి. 1957లో గ్వాలియర్‌లో ఝాన్సీ లక్ష్మీబాయి పేరిట వ్యాయామ విద్యా కళాశాల, 1961లో పటియాలా మహారాజావారి మోతీబాగ్ ప్యాలెస్‌లో కోచ్‌లను తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ వచ్చాయి. 1985లో కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు పెట్టారు. పి.టి. ఉష గురువు ఒ.ఎం. నంబియార్ మొదటి ఏడాదే దాన్ని అందుకున్నాడు. అవార్డు మంచిదే గాని, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తుంది. శిష్యుడి వేలు అడిగిన గురువు పేరు పెట్టారేమిటి చెప్మా అనుకుంటాను. మీకెప్పుడూ అనిపించలేదూ?

సరే, అదలా ఉంచండి. వేలు అడగని గురువులు మన జిల్లాలోనే ఉన్నారని చెప్పడానికే ఈ ప్రస్తావన. పర్వతగిరి దగ్గర కల్లెడ అనే ఊరుంది. అక్కడ కూలిపని చేసుకునే ఇంట్లో 2003లో జీవాంజి దీప్తి పుట్టింది. చెప్పింది అర్థం చేసుకోవడానికి ఆ పిల్లకు కొంచెం ఎక్కువ సమయం పట్టేది. నోరున్నవాళ్ళు పెట్టిన మారుపేర్లు ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ తల్లి ఎన్నిసార్లు కొంగు నోట్లో కుక్కుకుని ఉంటుందో! అలాంటి పిల్ల పరుగెడుతుంటే కళ్ళప్పగించి చూసినవాడు బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. ఊరంతా చూసిన పిల్లే, కాని ఆయన చూసింది వేరు.

తరువాత ఒక రాష్ట్రస్థాయి పోటీలో నాగపురి రమేశ్ కంట పడింది. ఆయన అప్పట్లో భారత క్రీడాప్రాధికార సంస్థలో కోచ్, 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నవాడు. పిల్లను హైదరాబాదు పంపమని అడిగితే, పంపడానికి బస్సు ఛార్జీలకే కటకట. ఆ చిక్కులు విప్పి, పిల్లను నిలబెట్టి, ఒక్కొక్క అడుగూ నేర్పించారు. పుల్లెల గోపీచంద్ కూడా ఆసరా అయ్యాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం. మేధో వైకల్య విభాగంలో మన దేశానికి పారాలింపిక్ పతకం తెచ్చిన మొదటి మనిషి మన కల్లెడ పిల్ల! గడవక పొలం అమ్ముకున్న ఆ ఇల్లు, ఆ పిల్ల గెలుచుకున్న డబ్బుతో మళ్ళీ పొలం కొనుక్కుంది.

ఇంకొక ముచ్చట. 2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అక్కడ హర్మిలన్ బైన్స్ అనే పంజాబు అమ్మాయి 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతారాణి 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో పెట్టిన జాతీయ రికార్డును తుడిచిపెట్టింది. ఆ బుసాన్‌లోనే హర్మిలన్ తల్లి మాధురి 800 మీటర్లలో వెండి పతకం గెలుచుకుంది. తల్లి పరుగెత్తిన ఇంట్లో కూతుర్ని పంపాలా వద్దా అనే చర్చ ఉండదు కాబోలు. బియ్యం డబ్బా మీదికి కాగితాలు వెళ్ళవు.

మాది అలాంటి ఇల్లు కాదు. చిన్నప్పుడు నేనూ పరుగెత్తేదాన్ని. మా బడిలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లల్ని డ్రిల్లు మానిపించి కుట్టు క్లాసులో కూర్చోబెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆడపిల్లల కోసం ఇంటికొచ్చి మాట్లాడే మేడమ్ అప్పుడు లేదు. నాకు గొలుసుకుట్టు బాగా వచ్చింది, అంతే.

అమెరికాలో హైస్కూళ్ళలో అథ్లెటిక్ డైరెక్టరు అని ఒక ఉద్యోగం ఉంది. బళ్ళో కోచ్‌లందరికీ పెద్దదిక్కు. 1977లో వాళ్ళకంటూ ఒక జాతీయ సంఘం ఏర్పడింది. డబ్బు లెక్కలు, చట్టాలు, పిల్లల భద్రత, తల్లిదండ్రులతో మాట్లాడే తీరు, తోటి కోచ్‌లను నడిపించే పద్ధతి, అన్నీ కోర్సులు పెట్టి నేర్పుతారు. నాయకత్వం పుట్టుకతో రాదు, వంటలాగా నేర్చుకుంటే వస్తుందని వాళ్ళ నమ్మకం. మన మేడమ్ తిట్లు తిని నేర్చుకున్నది అక్కడ పాఠంగా చెబుతారన్నమాట. మన పి.ఇ.టి.లకూ, కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లకూ ఈల, స్టాప్‌వాచీలతోపాటు ఈ విద్య కూడా నేర్పితే ఎంత బాగుండును! కల్లెడలో దీప్తిని చూసే కన్ను ఒకటుంది కాబట్టి సరిపోయింది. ఆ కన్ను లేని ఊళ్ళలో ఎంతమంది దీప్తులు ఉన్నారో!

ఇంతకీ మా ఇంటి సంగతి చెప్పలేదు కదూ. కాగితం బియ్యం డబ్బా మీదినుంచి దిగింది, సంతకంతో సహా. పిల్లల వెంట మా కోడలు కూడా వెళ్ళింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పన్నెండుమంది పిల్లలకు నేను పులిహోర కలిపాను. మనవరాలికి పతకం రాలేదు, నాలుగో స్థానం. తిరిగి వచ్చాక ఏడుస్తుందేమో అనుకున్నాను. అది చెప్పులు విడిచి, “నానమ్మా, అమ్మ ఎంత గట్టిగ అరిచిందో తెలుసా? మా మేడమ్ ఈల కూడ వినపడలే” అంది.

మా కోడలు సిగ్గుపడుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గొంతు బొంగురుపోయి రెండు రోజులు మాట రాలేదు.