నెల్లూరి సీమలో దశకుమారులు

పిల్లలు పాఠ్యపుస్తకము మూసి మాయల కథల పుస్తకము తెరచిన, పెద్దలు కనుబొమలు ముడిచెదరు. పెద్దలే అట్టి పుస్తకము చేపట్టిన, ఎవరైన చూతురేమోయని కొంచెము వెనుదీసెదరు. లేని రాజ్యములు, జరుగని సాహసములు, పుట్టని రాకుమారులు: వీరితో కాలము గడుపుటవలన ప్రయోజనమేమని ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మనము దూరము పోనక్కరలేదు. ఏడువందల యేండ్లకు పైబడిన వెనుకకు, పెన్నానది యొడ్డుననున్న నెల్లూరికి పోయిన చాలును.

13వ శతాబ్దిలో ఈ పట్టణమునకు విక్రమసింహపురమని పేరు. తెలుగు చోడవంశీయుడైన మనుమసిద్ధి ఇచ్చట రాజ్యము చేయుచుండెను. ఆయన మంత్రి తిక్కన. నిర్వచనోత్తర రామాయణమును రాజునకంకితమిచ్చి, అటుపై విరాటపర్వము మొదలు పదునైదు పర్వముల భారతమును హరిహరనాథున కంకితము చేసిన మహాకవి ఆయన. ఆ తిక్కనకే కృతిగా సమర్పింపబడిన గ్రంథము దశకుమారచరిత్రము. దీనిని రచించినవాడు మూలఘటిక కేతన. అభినవదండి యని ఆయన బిరుదము. ఆంధ్రభాషాభూషణమను తొలి తెలుగు వ్యాకరణమును, విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్ర గ్రంథమును రచించిన పండితుడీయన. అట్టివాడు కథలు చెప్పుటకు వెనుదీయలేదు. భారతమును తెనిగించిన మంత్రి ఆ కథలను స్వీకరించుటకును వెనుదీయలేదు. మొదట మనము గమనింపవలసినది ఇదియే.

మూలకథ దండి మహాకవిది. ఆయన పల్లవుల కాలమున కాంచీపురమున నుండినవాడు. కంచి నెల్లూరికి దూరము కాదు; తెలుగు చోడుల ఏలుబడి కొంతకాలము అచ్చటివరకును వ్యాపించినది. ఆ విధముగ దక్షిణమున పుట్టిన సంస్కృత గద్యకథ పొరుగుననే తెలుగు పద్యములు ధరించినది. మన భాషలో వినోదప్రధానమైన కథాకావ్యమునకు ఇదియే ఆదియని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు.

ఇక కథాలోకమునకు పోవుదము. మగధరాజైన రాజహంసుడు మాళవరాజు చేతిలో ఓడి వింధ్యారణ్యము చేరెను. అచ్చట ఆయనకు పుట్టిన రాజవాహనుడును, మంత్రులు మొదలగువారి పుత్రులు తొమ్మండ్రును కలసి పెరిగి దిగ్విజయమునకు బయలుదేరిరి. ఒకనాటి రాత్రి రాజవాహనుడు మాతంగుడను బ్రాహ్మణునికి తోడ్పడుటకై, మిత్రులు నిదురించుచుండగా, బిలమార్గమున పాతాళమునకు దిగెను. తెల్లవారి లేచిన మిత్రులు ఆయనను గానక తలకొక దిక్కునకు పోయిరి. పిదప ఒక్కొక్కరుగా మరల కలసికొని, తమకేమి జరిగెనో చెప్పుదురు. ఆ చెప్పుటయే గ్రంథము.

ఇందలి నేర్పు చూడుడు. ఎవరు తప్పిపోయిరో మనకు తెలియును. వారు దొరకుదురనియు తెలియును. ఏ దారిని వచ్చిరో వినుటయే మన ఆనందము. వారము వారము రేడియో నాటకమునకై వేళకు పెట్టె చెంత చేరిన కుటుంబములకు ఈ ఆనందము కొత్త కాదు.

పదుగురిలో ఎవరి అభిమానపాత్రుడు వారికుండును. కొందరికి అపహారవర్మ ప్రియుడు. చంపానగరమున లోభుల ధనము దోచి, సంపద నిలుకడలేనిదని వారికే పాఠము చెప్పిన దొంగ యాతడు. మైకు ముందు బ్రతుకు గడుపు మాకు మాత్రము మంత్రగుప్తునిపై మక్కువ యెక్కువ. పెదవి గాయపడియున్నందున ఆతడు పెదవులు కలియు అక్షరము ఒక్కటియు లేకుండ తన కథ యంతయు చెప్పునట్లు దండి వ్రాసెను. ఆ కథలో కళింగరాజు సముద్రతీరమున పరివారముతో విహరించుచుండగా ఆంధ్రరాజు జయసింహుడు నావలపై సేనతో వచ్చి పట్టుకొనిపోవును. మంత్రగుప్తుడు సన్న్యాసి వేషమున వచ్చి, కొలనిలో మునిగిన కొత్తదేహము లభించునని ఆ రాజును నమ్మించి, నీటిలోననే చంపి, తానే ఆ కొత్తదేహము ధరించిన రాజుననుచు వెలికివచ్చును. ఈ కథలో మోసపోయినవాడు ఆంధ్రరాజే! దేశాభిమానము అడ్డము వచ్చిన ఇట్టి కథను నవ్వుచు వినుట సాధ్యము కాదు.

గృహిణులు మెచ్చు పాత్ర గోమిని. కంచిలోని వర్తకపుత్రుడు శక్తికుమారుడు కొంగున కొద్దిపాటి వడ్లు మూటగట్టుకొని, వీనితోనే నిండు భోజనము పెట్టగల కన్య కొరకు ఊరూర తిరుగుచుండెను. కావేరీతీరమున గోమిని ఆ వడ్లను గింజ విరుగకుండ దంచి, నగలు మెరుగుపెట్టుటకు పనికివచ్చు ఊకను కంసాలులకు అమ్మించి, ఆ సొమ్ముతో కట్టెలును కుండయు తెప్పించెను. వంట ముగియగనే కట్టెలను ఆర్పి, బొగ్గులను అమ్మించి, కూరలు, నేయి, పెరుగు, నూనె సమకూర్చెను. అతిథి తృప్తిగా భుజించి ఆమెను పెండ్లాడెను. వరిపంటకు పేరెన్నికగన్న నెల్లూరి సీమలో ఈ కథకు ఎన్ని యిండ్ల తలయూపి యుందురో ఊహింపవచ్చును. ఇందు మంత్రము లేదు, మాయ లేదు. అయినను ఇంద్రజాలమునకు తీసిపోదు.

ఇవి వట్టి ఊహలేయందురా? పుష్పోద్భవుని తండ్రి రత్నోద్భవుడు కాలయవనద్వీపమున వర్తకము చేసి, నిండుచూలాలైన భార్యతో ఓడనెక్కెను. ఓడ మునిగెను. ఒకరు బ్రతికియుండుట ఒకరికి తెలియక దంపతులు పదునారేండ్లు ఎడబాసిరి. నెల్లూరి తీరమువారికి ఇది వింతకథ కాదు. కృష్ణపట్టణము ఆ కాలమున కొల్లిత్తురై యనియు, గండగోపాలపట్టణమనియు పేరొందిన రేవు. ఉత్తరమున మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము నేటికిని చదువదగినది. గాలివానకు కొట్టుకొని వచ్చి పగిలిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు హరించుచుండిరనియు, ప్రాణముకంటె ధనము ప్రియమైన ఆ వర్తకులయెడ దయతలచి తాము న్యాయమైన సుంకము తప్ప మిగిలినదంతయు విడిచితిమనియు అందు కలదు. శాసనము రాజు చెప్పిన మాట. ఓడ మునిగినపుడు ఇంటిలో ఏమి జరుగునో శాసనము చెప్పదు. దానిని కథయే చెప్పవలెను.

రాజ్యము పోగొట్టుకొనుటయు ఆ తరమునకు కథ కాదు. అక్కన బయ్యనలు మనుమసిద్ధిని పదభ్రష్టుని చేయగా, తిక్కన ఓరుగల్లు పోయి గణపతిదేవుని సాయము కోరెననియు, ఆయన సేనతో వచ్చి సింహాసనము మరల నిలిపెననియు సోమదేవరాజీయము మొదలగు గ్రంథములు చెప్పుచున్నవి. అట్టి నెల్లూరిలో రాజహంసుని వనవాసమును విన్నవారు నిజమునుండి పారిపోవుటకై వినలేదు. భరింపరాని నిజమును కొంత దూరమున నిలిపి, చివర మేలు జరుగునను ధైర్యముతో చూచిరి.

మరియొక విశేషము కలదు. తిక్కన తాతయైన మంత్రి భాస్కరుని, తండ్రి కొమ్మనను, ఆ వంశపు ప్రతిష్ఠను విస్తరించి చెప్పినది ఈ కథాగ్రంథపు పీఠికయే. కాలక్షేపమని దీనిని ఆనాడు ఎవరును వ్రాసి భద్రపరుపకున్నచో, కవిబ్రహ్మ యింటి సంగతులు మనకు చాలవరకు దక్కకుండెడివి. వినోదము చరిత్రను మోసికొని వచ్చినది.

ఆ దారి అచ్చటితో ఆగలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగములుగ కూర్చిన కాశీమజిలీ కథలలో యాత్రికులు మజిలీకొక కథతో అలసట తీర్చుకొనిరి. 1947లో మదరాసున వెలువడిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యము 1954 నుండి తోకచుక్క మొదలగు ధారావాహికలు వ్రాయగా, తరువాతి సంచిక కొరకు పిల్లలు వీధి వాకిట ఎదురుచూచిరి. వారిలో కొందరు నేడు తాతలై, మనుమల చేతి కథల పుస్తకమును లాగుకొనుచున్నారు!

ఆ పుస్తకమును తిరిగి ఇచ్చివేయుడని మా మనవి. వీలైన ప్రక్కన కూర్చుండి, ఎవరు తప్పిపోయిరో, ఎవరు ఏ దారిని వచ్చుచున్నారో అడుగుడు. భారతము వ్రాయనున్న మహాకవి వినదగునని తలచిన కథను మనము వినుటలో చిన్నతనమేమియు లేదు.